నిదానము ఎల్లప్పుడును క్షేమమా? – చిన్న రౌటరు యంత్రపు వేగములు

వడ్రంగి చిత్రిక పట్టుచుండగా చూచినవారికి ఒక సంగతి తెలిసియే యుండును. చిత్రిక బాగుగా సాగినప్పుడు చెక్కనుండి పలుచని పొర చుట్టలు చుట్టుకొని పైకి లేచును. చేయి వెనుకాడినను, అలుగు మొద్దుబారినను పొర లేవదు. పనిముట్టు చెక్కను ఒరసికొని జారిపోవును. పొడి మాత్రమే రాలును. అప్పుడు చిత్రిక అడుగుభాగమును ముట్టి చూచినచో వెచ్చగా నుండును. కోయుట వేరు, ఒరయుట వేరు. ఇప్పుడు చెప్పబోవు యంత్రమును సురక్షితముగా నడుపుటలోని కిటుకు చాలవరకు ఈ భేదములోనే ఉన్నది.

గడచిన కొన్ని సంవత్సరములలో కళాశాలలలోను, కొన్ని ఉన్నత పాఠశాలలలోను, అభిరుచి గలవారి ఇండ్లలోను సి.ఎన్.సి. రౌటరు అను యంత్రము కనబడుచున్నది. పేరు పెద్దదే కాని పని సులభముగా అర్థమగును. ఒక మోటారు కొనకు బిట్టు అను పనిముట్టు బిగించి యుండును. మోటారు దానిని గిరగిర త్రిప్పును. ఆ మోటారునే ఎడమకు కుడికి, ముందుకు వెనుకకు, పైకి క్రిందికి జరుపుటకు వేరుగా మరకడ్డీలు, వాటిని త్రిప్పు చిన్న మోటారులు కలవు. ఎచ్చటికి, ఎంత వేగముతో జరుగవలెనో అంకెలలో వ్రాసి యిచ్చినచో యంత్రము ఆ ప్రకారము నడచును. ఇట్లు అంకెల ఆజ్ఞలతో నడచు కోత యంత్రమును 1952లో అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో ప్రదర్శించిరి. దానిని నడుపుటకు వాక్యూము గొట్టములతో నిండిన పెద్ద పరికరము కావలసివచ్చినది. నేడు అరచేతిలో ఇముడు ఆర్డ్వినో పలకయు, దానిలో జి.ఆర్.బి.ఎల్. అను ఉచిత ప్రోగ్రామును ఆ పనికి చాలును.

మా ప్రయోగశాలకు ఇట్టి చిన్న యంత్రము వచ్చినప్పుడు విద్యార్థులకు నేనిచ్చిన సలహా ఒక్కటే: “నిదానమే ప్రధానము. మెల్లగా పోనిండు.” టేకు పలకమీద పేరు చెక్కవలెను. బిట్టు వ్యాసము 6 మి.మీ., దానికి రెండు కోత అంచులు. మోటారు నిమిషమునకు 24,000 చుట్లు తిరుగుచున్నది. జరుగు వేగము మాత్రము నిమిషమునకు 300 మి.మీ. మూడవ అక్షరము వచ్చుసరికి గదిలో కాలిన చెక్క వాసన. అక్షరముల అంచులు బొగ్గువలె నల్లబడినవి. బిట్టు ప్రక్కన పేరుకొన్న పొడిలో ఎఱ్ఱగా ఏదో మెరయుట చూచి ఒక విద్యార్థిని “సార్, నిప్పు!” అని కేక వేసినది. విద్యుత్తును తీసివేసి, ఆ పొడిని తడిగుడ్డతో అదిమి ఆర్పితిమి. ఆ నిప్పురవ్వ ధూళిని పీల్చు సంచిలోనికి పోయి, మేము భోజనమునకు వెళ్లిన తరువాత రాజుకొని యుండినచో ఏమగునో చెప్పనక్కరలేదు. ఇది వేగమువలన వచ్చిన ప్రమాదము కాదు. నా సలహా ప్రకారము మెల్లగా పోవుటవలన వచ్చినది.

కారణము తెలియుటకు పెద్ద గణితము అక్కరలేదు. బిట్టు ఒక నిమిషములో 24,000 చుట్లు తిరుగును, అంచులు రెండు, కావున చెక్కను నిమిషమునకు 48,000 సార్లు అంచు తాకును. ఆ నిమిషములో బిట్టు జరుగునది 300 మి.మీ. ఈ 300ను 48,000తో భాగించినచో 0.00625 మి.మీ. వచ్చును. ఒక్కొక్క అంచు ఒక్కొక్క తాకిడిలో తీయవలసిన పొర మందము ఇదే. మన తలవెండ్రుక మందము సుమారు 0.07 మి.మీ. ఈ పొర దానిలో పదియవ వంతు కూడ కాదు.

ఇంత పలుచని పొరను తీయుట అంచుకు శక్యమేనా? ఎంత పదునైన అంచైనను సూక్ష్మదర్శినిలో చూచినచో కొనయందు కొంచెము గుండ్రముగానే యుండును. కొంత వాడిన బిట్టు అంచుకు ఆ గుండ్రపు వ్యాసార్ధము 0.01 మి.మీ. వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు ఉండవచ్చును. తీయవలసిన పొర అంతకన్న పలుచనిదైనప్పుడు అంచు చెక్కలోనికి దిగదు. దానిని నొక్కి, ఒరసి, మీదుగా జారిపోవును. తరువాతి అంచు వచ్చి అదే పని చేయును. మా లెక్కలో చెక్కమీది ఒక్కొక్క మిల్లీమీటరును 160 సార్లు ఇట్లు రుద్దితిమన్నమాట. రుద్దిన వేగమును తక్కువది కాదు. 6 మి.మీ. బిట్టు చుట్టుకొలతను 24,000తో గుణించినచో నిమిషమునకు సుమారు 452 మీటర్లు, అనగా గంటకు 27 కిలోమీటర్లు.

రాపిడివలన ఉష్ణము పుట్టుననుట పాఠ్యపుస్తకములలోని మాటయే. రంఫర్డు ప్రభువు మ్యూనిక్‌లో ఫిరంగి గొట్టములను తొలిపించుచు చేసిన ప్రయోగమును 1798లో ప్రకటించెను. చుట్టు నీరు పోసి, లోహముమీద బరమాను రెండున్నర గంటలు త్రిప్పగా ఆ నీరు మరగినది. అతడు ఆ పనికి కావలెనని మొద్దు బరమానే ఎన్నుకొనెనని మన పాఠములలో తరచు చెప్పము. పదునైన బరమాయైనచో లోహము కోయబడి పోయెడిది. ఉష్ణము అంతగా నిలిచెడిది కాదు. అతనికి కావలసినది కోత కాదు, రాపిడి.

ఇంకను దగ్గరి ఉదాహరణము అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాకలో కలదు. అచ్చటి పనివారు అంకుడు కొయ్య బొమ్మను తరిమెనమీద త్రిప్పుచు దానికి రంగు లక్క కడ్డీని ఆనించి పట్టుదురు. మంట అక్కరలేకయే రాపిడి వేడికి లక్క కరగి బొమ్మకు పట్టును. అదే తరిమెనమీద అంతకుముందు ఉలితో కొయ్యను చెక్కునప్పుడు పొట్టు ఎగిరిపడును గాని కొయ్య మాడదు. యంత్రము ఒకటే, కొయ్య ఒకటే. ఒకసారి కోసిరి, ఒకసారి ఒరసిరి. వారు కావలెనని చేయు పనిని మేము తెలియక చేసితిమి.

కోతలో పుట్టిన ఉష్ణములో మంచి భాగమును ఎగిరిపోవు పొట్టు తనతో తీసికొనిపోవును. పొట్టు లేనిచో ఆ ఉష్ణము చెక్కలోను బిట్టులోను మిగిలిపోవును. చెక్క మంచి ఉష్ణవాహకము కాదు. కావున వేడి లోనికి వ్యాపించక పైపొరలోనే పోగగును. మరునాడు మేము చుట్లను 12,000కు తగ్గించి, జరుగు వేగమును 1,200 మి.మీ.కి పెంచితిమి. పొర మందము 1,200 ÷ 24,000 = 0.05 మి.మీ. అయినది, అనగా మునుపటికి ఎనిమిదింతలు. వాసన లేదు, నలుపు లేదు. పొడికి బదులు చిన్న చిన్న పొట్టు ముక్కలు రాలినవి. బిట్టు చల్లగానే ఉండెనని విద్యార్థులు ఆశ్చర్యపడిరి.

అట్లని జరుగు వేగమును పెంచుకొనుచు పోవచ్చునా? పోరాదు. పొర మందమైనకొలది బిట్టుమీది బలము పెరుగును. బిట్టు ఒక చివర బిగించిన కడ్డీ. రెండవ చివరను చెక్క త్రోయుచుండును. అట్టి కడ్డీ వంపు దాని పొడవు ఘనమునకు అనులోమముగాను, వ్యాసము నాలుగవ ఘాతమునకు విలోమముగాను ఉండును. బిట్టును 20 మి.మీ.కి బదులు 40 మి.మీ. బయటకు పెట్టి బిగించినచో వంపు 8 రెట్లు. 6 మి.మీ.కి బదులు 3 మి.మీ. బిట్టు పెట్టినచో 16 రెట్లు. రెండు తప్పులును ఒకేసారి చేసినచో 128 రెట్లు! సన్నని బిట్టులు విరిగి తునుకలు కంటివైపు ఎగురుటకు వేగముకన్న ఈ బిగింపు తప్పే తరచు కారణము. బిట్టును పనికి చాలునంత పొడవు మాత్రమే బయట ఉంచవలెను. ఒక్కసారి దిగు లోతు చిన్న యంత్రములపై చెక్కకు బిట్టు వ్యాసములో సగమునకు మించకుండుట మేలు. 6 మి.మీ. లోతు గాడిని 6 మి.మీ. బిట్టుతో ఒక్క దెబ్బకు తీయుటకన్న రెండు మూడు పర్యాయములుగా తీయవలెను. వేగము తగ్గించుటకన్న లోతు తగ్గించుట ఎల్లప్పుడును మంచి మార్గము. బలము తగ్గును, పొర మందము మాత్రము చెడదు.

ఇక యంత్రమును జరుపు మోటారుల సంగతి. ఇవి స్టెపరు మోటారులు. ఒక్కొక్క విద్యుత్ స్పందమునకు ఒక్కొక్క అడుగు వేయును. సాధారణముగా ఒక చుట్టుకు 200 అడుగులు. నడుపు పరికరము ఒక్కొక్క అడుగును 16 చిన్న అడుగులుగా విభజించినచో 3,200. మరకడ్డీ ఒక చుట్టుకు 4 మి.మీ. జరుపునదైనచో ఒక మిల్లీమీటరుకు 800 స్పందములు. ఆర్డ్వినో యూనోమీది జి.ఆర్.బి.ఎల్. సెకనుకు సుమారు 30,000 స్పందములవరకు పంపగలదు. కావున సెకనుకు 37.5 మి.మీ., అనగా నిమిషమునకు 2,250 మి.మీ. మించిన వేగమును ఆ పలకనుండి ఆశించరాదు. మోటారు అంతవరకైనను రాకపోవచ్చును. వేగము హెచ్చినకొలది మోటారు చుట్టలలో వ్యతిరేక విద్యుచ్చాలక బలము పెరుగును. చుట్టల ప్రేరకత్వమువలన విద్యుత్ ప్రవాహము నిండుటకు వ్యవధి చాలదు. త్రిప్పు బలము పడిపోవును. అప్పుడు కోత బలము కొంచెము ఎక్కువైనను మోటారు అడుగు తప్పును.

అడుగు తప్పుటలోని చిక్కు ఏమనగా, ఆ సంగతి యంత్రమునకు తెలియదు. చిన్న యంత్రములలో చాలవాటికి తానెక్కడున్నదో చూచుకొను కన్ను లేదు. ఆజ్ఞ యిచ్చితిని కావున జరిగియే యుండునని ధృతరాష్ట్రునివలె నమ్మి తరువాతి ఆజ్ఞ యిచ్చును. 5 మి.మీ. తప్పిన తరువాత చెక్కవలసినచోట కాక బిగింపు పట్టుమీదనే బిట్టు దిగవచ్చును. ఆ పట్టు ఉక్కుదైనచో బిట్టు ముక్కలగును.

త్వరణమును మరచిపోవువారు చాలమంది. తెరమీద 1,200 అని వ్రాసినంతమాత్రమున యంత్రము 1,200తో పోవుచున్నదని అనుకొనరాదు. నిమిషమునకు 1,200 మి.మీ. అనగా సెకనుకు 20 మి.మీ. జి.ఆర్.బి.ఎల్.లో మొదట ఉండు సాధారణ త్వరణము 10 మి.మీ./సె². నిశ్చల స్థితినుండి ఆ వేగమును అందుకొనుటకు కావలసిన దూరము v²/2a, అనగా 400 ÷ 20 = 20 మి.మీ. ఆగుటకు మరల 20 మి.మీ. ఇప్పుడు 5 మి.మీ. పొడవు గల చిన్న గీత చెక్కవలసియున్నదనుకొందము. మొదటి 2.5 మి.మీ. వేగము పుంజుకొనుటకు, తక్కిన 2.5 మి.మీ. తగ్గుటకు సరిపోవును. మధ్యలో అందుకొను గరిష్ఠ వేగము √(2 × 10 × 2.5), అనగా సెకనుకు సుమారు 7 మి.మీ. మాత్రమే. అడిగినదానిలో మూడవ వంతు. పొర మందమును ఆ మేరకే పలుచబడును. మూలలవద్దను, చిన్న అక్షరముల మలుపులవద్దను మాత్రమే చెక్క నల్లబడుటకు రహస్య మిది. తెలుగు అక్షరములు చెక్కువారికి, తలకట్టులు, కొమ్ములు, సున్నలు ఉన్నవి కావున, ఈ బాధ మరీ ఎక్కువ! త్వరణమును 100కు పెంచినచో అదే 20 మి.మీ./సె. వేగమును 2 మి.మీ.లోనే అందుకొనును. కాని బలము = ద్రవ్యరాశి × త్వరణము. జరుగు భాగము 2 కిలోగ్రాములైనచో త్వరణమునకు కావలసిన బలము 0.02 న్యూటనులనుండి 0.2 న్యూటనులకు పెరుగును. ఇది చిన్నదే కాని, బరువైన మోటారు, బిగుతైన మరకడ్డీ, కోత బలము అన్నియు దానికి తోడగును.

కావున తన యంత్రమునకు తగిన హద్దులను ఎవరికి వారే ప్రయోగము చేసి కనుగొనుట మంచిది. బిట్టు తీసివేసి దాని స్థానమున పెన్సిలు బిగింపుడు. బల్లమీది కాగితముపై ఒక చుక్క పెట్టించి, పెన్సిలును ఎత్తి, అటునిటు ఇరువది పర్యాయములు పరుగెత్తించి, మరల అదే చుక్కకు రమ్మని ఆజ్ఞాపింపుడు. చుక్కమీద చుక్క పడినచో వేగమును కొంచెము పెంచి మరల చూడుడు. ఎప్పుడో ఒకప్పుడు మోటారు కీచుమని అరచి నిలిచిపోవును, లేదా చుక్క తప్పును. ఆ వేగములో సగమును గరిష్ఠ వేగముగా నిర్ణయించుకొనవలెను. త్వరణమును గూడ ఇట్లే పరీక్షింపవలెను. మిగిలిన సగము కోత బలమును ఎదుర్కొనుటకు ఉంచుకొన్న మూలధనము.

చెక్కలోనికి నిలువుగా దిగుటకు వేరే వేగము కావలెను. బిట్టు అంచు ఎంత వేగముగా తిరిగినను దాని నట్టనడుమ బిందువు వేగము సున్న. అచ్చట కోత లేదు, నొక్కుడే. ప్రక్కకు జరుగు వేగములో మూడవ వంతుతో దిగుట మొదట చాలును. అచ్చటనే నిలిచి తిరుగనిచ్చినచో మరల కాలును. దిగిన వెంటనే ప్రక్కకు సాగవలెను. ఏటవాలుగా దింపగలిగినచో అన్నిటికన్న మేలు.

కోయకుండ గాలిలో ఒకచోటినుండి మరియొకచోటికి పోవు పరుగునకు జి 0 అను ఆజ్ఞ కలదు. దానికి వేగము వ్రాయనక్కరలేదు. యంత్రము తన గరిష్ఠ వేగముతో పోవును. కోత వేగమును తగ్గించు మీట ఈ పరుగునకు వర్తింపదు, జి.ఆర్.బి.ఎల్.లో దానిని తగ్గించుటకు వేరొక మీట ఉన్నది. పరుగునకు ముందు బిట్టు అన్ని బిగింపు పట్లకన్న ఎత్తునకు లేచినదా, లేదా చూచుకొనవలెను. క్రొత్త పనిని మొదట బిట్టు లేకుండ గాలిలో నడిపి చూచుట నామోషీ కాదు. మరియొక ఉచ్చు కొలమానములది. జి 21 అనగా మిల్లీమీటరులు, జి 20 అనగా అంగుళములు. వేగము 60 అని వ్రాసి, యంత్రము అంగుళములలో ఉన్నచో అది 1,524 మి.మీ. అగును. ఒక్క అంకె తేడాతో మెల్లని పని దూకుడగును.

పదార్థమును బట్టి ఆరంభ విలువలు మారును. చిన్న యంత్రముపై 3 మి.మీ. బిట్టుతో చెక్కకు 0.02 నుండి 0.05 మి.మీ. పొర మందము, 6 మి.మీ. బిట్టుతో 0.05 నుండి 0.1 వరకు మొదలు పెట్టవచ్చును. యాక్రిలిక్ పలక సుమారు 105 సెంటీగ్రేడు డిగ్రీలవద్దనే మెత్తబడును. పొర పలుచనైనచో ముక్కలు కరగి బిట్టుకు బంకవలె చుట్టుకొనును. దానికి ఒకే అంచు గల బిట్టు మేలు. ఒకే అంచైనచో అవే చుట్లకు, అదే జరుగు వేగమునకు పొర రెట్టింపగును. అల్యూమినియము కూడ అంచుకు అతుకుకొను గుణము గలది. చిన్న యంత్రముపై దానిని 0.1 లేక 0.2 మి.మీ. లోతు చొప్పున మాత్రమే తీయవలెను. ఉక్కు జోలికి ఈ యంత్రముతో పోరాదు. చుట్లు పెంచుకొనుచు పోవుటలోని మరియొక నష్టమును ఫ్రెడరిక్ టేలరు చూపెను. 26 సంవత్సరములు లోహపు కోతపై ప్రయోగములు చేసి 1906లో అతడు ప్రకటించిన ఫలితముల ప్రకారము అంచు వేగము కొంచెము పెరిగినను పదును నిలుచు కాలము చాల తగ్గును. మొద్దుబారిన బిట్టు మరల ఒరయుటకే దిగును.

ఇక మనిషి సంగతి. కంటి అద్దములు లేనిదే యంత్రము దగ్గరకు పోరాదు. చేతితొడుగులు వేసికొనరాదు, బిట్టు వాటిని పట్టి చేతిని లాగును. జడ, చున్నీ, వ్రేలాడు చొక్కా చేతులు బిగించి కట్టుకొనవలెను. చెక్కపొడిని క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో వర్గీకరించినది. ముక్కునకు తగిన తొడుగు, పొడిని పీల్చు గొట్టము అలంకారములు కావు. ఆపు మీట చేతికి అందుబాటులో ఉండవలెను. నడచుచున్న యంత్రమును విడిచి ప్రక్కగదికి పోరాదు. పని ముగిసిన తరువాత పొడి సంచిని ముట్టి చూడనిదే గది తాళము వేయరాదని మేము నియమము పెట్టుకొంటిమి.

ఉపాధ్యాయులు తరగతిలో చేయించదగిన ప్రయోగము ఒకటి కలదు. యాక్రిలిక్ పలకపై ఒకే అంచు గల 3 మి.మీ. బిట్టుతో, నిమిషమునకు 10,000 చుట్లు ఉంచి, 200, 400, 600 మి.మీ. వేగములతో మూడు గాడులు తీయింపుడు. పొర మందములు లెక్క ప్రకారము 0.02, 0.04, 0.06 మి.మీ. రావలెను. ఒక్కొక్క గాడినుండి రాలిన పొట్టును వేరు వేరు కాగితములలో ఏరి, అన్నిటిలోను మందమైన ముక్కలను స్క్రూగేజితో కొలువుడు. స్క్రూగేజి కనిష్ఠ కొలత 0.01 మి.మీ.యే కనుక, మొదటి గాడి పొట్టును పది ముక్కలు దొంతరగా పెట్టి కొలిచి పదితో భాగింపవలెను. ముక్క వంపులు తిరిగియుండుటవలన లెక్కకు కొలతకు కొంత తేడా వచ్చును. మొదటి గాడి పొట్టులో కొన్ని ముక్కలు ఒకదానికొకటి కరగి అతుకుకొని దొరికినచో, వాటిని పారవేయక వేరుగా అంటించి తరగతిలో చూపుడు.